గురువారం గదిలో సోఫా

పోయిన వారం పెద్దక్కను కుర్చీలో కూలేసి నా దారిన నేను వచ్చేశాను. ఏడేళ్ల చాకిరీ ఒక్క కాగితంతో మట్టిలో కలిసిపోతుంటే ఆ మనిషిని అలా వదిలేసి ఎలా వచ్చారండీ అని కొందరు నన్ను ఉత్తరాల్లో ఉతికి ఆరేశారు. ఏం చేయను, నాకిచ్చిన పేజీలు అయిపోయాయి. పదండి, మళ్ళీ ఆమె దగ్గరికే వెళదాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. పెద్దక్క అంటే ఆ ప్రయోగశాలకు పెద్ద దిక్కు. అసలు పేరుతో ఆమెను పిలిచేది జీతాల సెక్షన్ వాళ్లు మాత్రమే. పార్కిన్సన్స్ జబ్బును, అంటే వాడుకలో మనం వణుకుడు రోగం అనేదాన్ని, చెయ్యి వణకకముందే ఉమ్మిలో పట్టుకోవచ్చని ఆమె నమ్మకం. ఈ జబ్బులో ఒక ప్రోటీన్ మడత తప్పుతుంది. తాను చెడ్డది చాలక పక్కవాటినీ చెడగొడుతుంది. కొంచెం ఉమ్మిలో మంచి ప్రోటీన్ కలిపి కదిలిస్తూ ఉంచితే, ఆ చెడ్డది ఉన్న ట్యూబు యంత్రంలో మెరుస్తుంది, లేనిది చీకటిగా ఉండిపోతుంది. అరవై జంటల దగ్గర ఉమ్మి తీసుకున్నారు. జంటలో ఒకరు రోగి, రెండోవారు ఆరోగ్యంగా ఉన్న భార్యో భర్తో. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఇంచుమించు ఒకే వయసు కాబట్టి పోల్చి చూడటానికి అంతకంటే మంచి మనిషి దొరకరు. ట్యూబుల మీద పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం, ఫలితాల గణాంకాలు చూసే లెక్కలాయన బీరువాలో తాళం వేసి ఉంటుంది.

పోయిన వారం భాగంలో, ఓ బుధవారం, ఆ తాళం తీశారు. సోమ, మంగళ, బుధవారాల్లో వచ్చిన నలభై ఎనిమిది జంటల ఫలితాలు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. గురువారాల్లో వచ్చిన పన్నెండు జంటల దగ్గరే కొంప మునిగింది. ఆరోగ్యవంతుల ట్యూబులు మెరిశాయి, రోగులవి చాలావరకు చీకటిగా ఉండిపోయాయి. అది చూసే పెద్దక్క కూలబడింది. ఎందుకంటే మర్నాడు పొద్దున్నే రాబోయేది బొత్తాల మేడమ్.

ఈ పరిశోధనకు డబ్బిస్తున్నది ఆవిడే. వాళ్ల నాన్న బొత్తాల ఫ్యాక్టరీ పెట్టి పైకి వచ్చిన మనిషి. చివరికి తన చొక్కాకు తాను బొత్తాం పెట్టుకోలేకపోయాడు. అంతకుముందు ఆరేళ్లపాటు అది భుజం నొప్పనీ, బద్ధకమనీ, వయసనీ డాక్టర్లు తలా ఒక మాటా అన్నారు. ఈ జబ్బును ముందే కనిపెట్టే ఆనవాలు ఎవరు వెతికినా వాళ్లకు సాయం చెయ్యమని కూతురికి చెప్పి పోయాడు. వచ్చే మూడేళ్ల నిధులు ఇవ్వాలా వద్దా అని శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆవిడ అధ్యక్షురాలిగా ఉన్న నిధుల కమిటీ తేలుస్తుంది. వద్దంటే ప్రయోగశాలకు తాళం, డీప్ ఫ్రీజర్‌లో ఉన్న ఉమ్మి అంతా చెత్తబుట్టకు.

ఇక గురువారం పొద్దున. ముందురాత్రి పంపిన ఫలితాలు చదువుకున్న బొత్తాల మేడమ్ తొమ్మిదింటికి అని చెప్పి ఎనిమిదీ ముప్పావుకే వచ్చింది. అరవై దాటిన మనిషి. కాఫీ వద్దంది. ఆవిడ కాఫీ వద్దంటే కోపమొచ్చినట్టేనని ఆ గదిలో అందరికీ తెలుసు.

"నాకర్థమయ్యేట్టు చెప్పండి డాక్టరుగారూ. మీ పరీక్ష వారానికి మూడు రోజులే పనిచేస్తుందా? గురువారం సెలవా?"

పెద్దక్క కంటే ముందే లెక్కలాయన గొంతు సవరించుకున్నాడు. మంచివాడే, కాకపోతే ఉద్యోగం పోతుందన్న భయం ఎవరినైనా తెలివైన సలహాలు ఇచ్చేలా చేస్తుంది.

"మేడమ్, గురువారం పక్కన పెట్టి చూస్తే మిగతావి నూటికి నూరు సరిపోతున్నాయి. ఆ ఒక్కరోజు ఏదో పొరపాటు జరిగిందని రాసి..."

"పక్కన పెట్టేది లేదు," అంది పెద్దక్క. "తప్పు ఎందుకొచ్చిందో తెలియకుండా తీసేస్తే, నచ్చినవి ఉంచుకుని నచ్చనివి పారేసినట్టే. రేపు నిజంగా ఒక మనిషికి నీకు జబ్బుంది అని ఈ పరీక్షతోనే చెప్పాలి. ఏ మొహం పెట్టుకుని చెప్తాం?"

"అది బాగానే ఉంది. మరి తప్పెక్కడ జరిగింది?"

"ట్యూబులు ఎక్కడో తారుమారయ్యాయని నా అనుమానం."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అంది బొత్తాల మేడమ్. "పరీక్ష సరిపోతే మీ గొప్ప, సరిపోకపోతే ట్యూబుల తప్పా?"

ట్యూబులు అనగానే అందరి చూపూ సిస్టరమ్మ మీదికి వెళ్లింది. ఉమ్మి సేకరించే నర్సు ఆవిడే. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, రిటైర్మెంటుకు ఇంకో నాలుగు నెలలుంది. పాపం, పొద్దుటినుంచీ గోడకు ఆనుకుని చీపురుపుల్లలా నిలబడి ఉంది.

"నా పిల్లల మీద ఒట్టు డాక్టరమ్మా, ఒక్క ట్యూబు కూడా నేను అటూ ఇటూ చెయ్యలేదు. అంకెల స్టిక్కర్లు ముందురోజే అంటించి పెడతాను. పేషెంటు కూర్చునే చోట పేషెంటు ట్యూబు, రెండో మనిషి కూర్చునే చోట రెండోది. కూర్చోండి అని చూపించి, తెర వేసి బయటికొచ్చేస్తాను. ఒకళ్ల ముందు ఉమ్మాలంటే ఎవరికైనా సిగ్గే కదా. పిలిచాక వెళ్లి ట్యూబులు తీసుకుంటాను. అన్ని రోజులూ అంతే, గురువారమూ అంతే."

"అన్ని రోజులూ ఒకే గదిలోనా?" అని అడిగింది బొత్తాల మేడమ్.

"గురువారం మా గది పిల్లల డాక్టరుకిస్తారమ్మా. ఆ రోజు వ్యాయామం చేయించే గది పక్కన చిన్న గదిలో కూర్చోబెడతాను."

"పదండి, చూద్దాం."

చూడటానికి అక్కడ ఏముంది కనుక. తెర, తెర వెనక కిటికీ పక్కన ఓ బీరువా, రెండు ఆసనాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో చిన్న బల్ల. ఒకటి చేతులున్న చెక్క కుర్చీ, నిటారుగా, ఎత్తుగా. రెండోది సోఫా. మామూలు సోఫా కాదు, కూర్చుంటే మనిషి సగం మాయమయ్యేంత మెత్తన.

"ఈ సోఫా ఎక్కడిది?" అంది పెద్దక్క. గురువారం గదికి ఆమె ఎప్పుడూ రాలేదు. ట్యూబులు ఎవరివో తనకు తెలియకూడదన్న నియమం కోసం ఆ వైపుకే పోకుండా ఉండిపోయింది.

"నేనే స్టోర్స్‌లో నెల రోజులు పోట్లాడి తెప్పించాను," అంది సిస్టరమ్మ. ఆ పరిస్థితిలోనూ గొంతులో కొంచెం గర్వం వినిపించింది. "ముందు రెండూ చెక్కవే ఉండేవి. పేషెంట్లు పెద్దవాళ్లు, గట్టి కుర్చీలో నడుం పడిపోదా అని వాళ్లకోసం ఇది వేయించాను."

బొత్తాల మేడమ్ సోఫా వైపు అలా చూస్తూ నిలబడిపోయింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇవాళ గురువారమే కదా. మీ జంటల్లో ఎవరైనా వచ్చారా?" అని అడిగింది.

పక్క గదిలో వ్యాయామానికి డ్రైవరు తాత, మామ్మ వచ్చి ఉన్నారు. తాత ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడు, ఇప్పుడు తొమ్మిదేళ్లుగా జబ్బు తనను నడుపుతోందని జోకులేస్తాడు. మామ్మ నోరు మంచిది, కాకపోతే ఆగదు.

"వాళ్లకేమీ చెప్పకండి," అంది బొత్తాల మేడమ్ సిస్టరమ్మతో. "ఎప్పుడూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి."

అలా ఒక శాస్త్రవేత్త, ఒక లెక్కల నిపుణుడు, ఒక నిధుల అధ్యక్షురాలు కిటికీ పక్కన బీరువా వెనక దొంగల్లా నక్కారు. సిస్టరమ్మ జంటను తీసుకొచ్చింది. "తాతా, మీరు సోఫాలో. మామ్మా, మీరు కుర్చీలో." తెర వేసింది. వెళ్లిపోయింది.

తాత సోఫా ముందు నిలబడ్డాడు. దానివైపు నూతిలోకి చూసినట్టు చూశాడు.

"అందులో దిగితే ఇంకేమన్నా ఉందా? మిమ్మల్ని లేపడానికి నేను క్రేను తేవాలి," అంది మామ్మ. "ఇటు రండి. ఈ కుర్చీ చేతులు పట్టుకోండి. ఆ, అద్గదీ."

"ఏమే, సిస్టరమ్మ సోఫాలో అంది కదే."

"ఆవిడకేం తెలుసు, ఆవిడ మంచికే అంది. ఆవిడొచ్చేలోపు లేచిపోదాం, చిన్నబుచ్చుకుంటుంది." మామ్మ సోఫాలోకి హాయిగా జారిపోయింది. "అబ్బ! నిజం చెప్పొద్దూ, నేనిక్కడికి వచ్చేదే దీనికోసం." అలవాటుగా చెయ్యి చాచి సోఫా పక్క బల్ల మీది ట్యూబు అందుకుంది. తాత వణుకుతున్న చేత్తో కుర్చీ పక్కది అందుకున్నాడు.

బీరువా వెనక పెద్దక్క రెండు బల్లలనూ మార్చి మార్చి చూసింది. లెక్కలాయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నవ్వో ఏడుపో ఆయనకే తెలియదు.

మడత తప్పిన ప్రోటీన్ల గురించి ఏడేళ్లు తలలు పగలగొట్టుకున్నారు. ఆ జబ్బున్న మనిషి మెత్తటి దాంట్లో కూర్చుంటే లేవలేడన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. అది తెలిసింది ఇంట్లో లేపి కూర్చోబెట్టేవాళ్లకు మాత్రమే. పన్నెండు మంది భార్యలో భర్తలో సిస్టరమ్మ మనసు నొప్పించకూడదని చప్పుడు చెయ్యకుండా చోటు మార్చుకున్నారు. ట్యూబు మీద పేరుంటే ఎవరైనా గమనించేవారు. ఉన్నవి అంకెలాయె.

"మా నాన్న చివరి ఎనిమిదేళ్లూ సోఫాలో కూర్చోలేదు," అంది బొత్తాల మేడమ్. తాతా మామ్మా వ్యాయామానికి వెళ్లిపోయాక ఆ చెక్క కుర్చీ చేతిని నిమురుతూ అంది. "ఇంటికొచ్చిన చుట్టాలంతా అయ్యో పెద్దాయన్ని గట్టి కుర్చీలో కూర్చోబెట్టారేమిటని మమ్మల్ని తిట్టేవాళ్లు. ఈ గదిలోకి రాగానే అదే గుర్తొచ్చింది."

సిస్టరమ్మ సంగతి విని బావురుమంది. "మేలు చెయ్యబోయి మీ అందరి కొంపా ముంచాను డాక్టరమ్మా."

"ముంచలేదు, తేల్చారు," అని పెద్దక్క ఆవిడ భుజం పట్టుకుంది. "మీరు ఒక్కో గురువారం ఒక్కోలా పెట్టి ఉంటే ఈ జన్మకు దొరికేది కాదు. వారం వారం ఒకేలా పెట్టారు కాబట్టే దొరికింది."

"ఆగండి, అప్పుడే పొంగిపోకండి," అంది బొత్తాల మేడమ్. "నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకంతో కమిటీకి పనిలేదు. ఒక్క జంట ఇవాళ కుర్చీలు మార్చుకుంటే పన్నెండు జంటలూ అప్పుడు మార్చుకున్నట్టేనా? రుజువు కావాలి."

రుజువు పెద్దక్క నాలుక చివరే ఉంది. "మిగిలిన ఉమ్మి ఫ్రీజర్‌లో ఉంది మేడమ్. అందులో మనిషి కణాలుంటాయి. అవి ఆడమనిషివో మగమనిషివో తేలిగ్గా తెలుస్తుంది. జంటలో ఒకరు ఆడ, ఒకరు మగ. భార్య అంకె వేసిన ట్యూబులో మగవాడి ఉమ్మి ఉంటే ఇక మాట్లాడాల్సిన పనేముంది?"

"చెయ్యండి. కానీ మీ చేత్తో కాదు. కింది అంతస్తులో రక్తపరీక్షల వాళ్లకివ్వండి. కవర్లు నేను సీలు వేస్తాను." వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగింది. "ఇప్పుడా కాఫీ ఇస్తే తాగుతాను."

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు కింది అంతస్తునుంచి కాగితం వచ్చింది. సీలు బొత్తాల మేడమే చింపింది. లెక్కలాయన తన కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె చదువుతుంటే ఆవిడ ఒక్కో జవాబు చెప్పింది. స్త్రీ అని రాసిన చోట పురుషుడు. పురుషుడని రాసిన చోట స్త్రీ. మొదటి జంట అంతే, రెండో జంట అంతే, ఆరో జంట అంతే. పన్నెండు జంటలూ చోటు మార్చుకున్నాయి, ఒక్కరూ తప్పలేదు.

పెద్దక్క ఏడ్చేసింది. ఇలాంటి చోట కళ్లు చెమర్చాయి అని మర్యాదగా రాయాలి గానీ, ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది, ముక్కు చీదుకుంది, మళ్ళీ ఏడ్చింది. రెండు రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ దిగిపోతే మరి అలాగే ఉంటుంది. లెక్కలాయన ఇంటికి ఫోన్ చేసి, "ఉద్యోగం ఉందే, ఉందే," అని అరిచాడు. సిస్టరమ్మ ఆ సోఫాను ఇవాళే స్టోర్స్‌కు తోలేస్తానంటే, వద్దు, దాన్ని నా గదిలో వేయించుకుంటాను, పార్కిన్సన్స్ లేనివాళ్లం మనమన్నా కూర్చుందాం అని పెద్దక్క ఆపింది. చావు తప్పింది, కన్ను కూడా లొట్టపోలేదు. అంతకంటే ఏం కావాలి?

బొత్తాల మేడమ్ కిటికీ దగ్గరికి వెళ్లి కమిటీ కార్యదర్శికి ఫోన్ చేసింది. "సాయంత్రం దాకా ఎందుకు, నా ఓటు ఇప్పుడే రాసుకోండి. ఇవ్వాల్సిందే. నాలుగింటికి నేనొచ్చి ఎందుకో చెప్తాను." ఫోన్ పెట్టేసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా నాన్న ఉంటే ఇవాళ నన్ను మెచ్చుకునేవాడు. ఆయన మెచ్చుకోవడం అరుదు."

లెక్కలాయన అప్పటికే మళ్ళీ కాగితాల మీద వంగాడు. చోట్లు మార్చి ఫలితాలన్నీ కొత్తగా రాసుకుంటున్నాడు. ఉన్నట్టుండి పెన్ను ఆగింది.

"అక్కా, పదకొండు జంటలు సరిపోయాయి. పన్నెండోది ఇంకా సరిపోవడం లేదు."

"వాళ్లూ చోటు మార్చుకున్నారు కదా?"

"మార్చుకున్నారు. కానీ ఆ జంటలో రెండు ట్యూబులూ మెరిశాయి. ఎటు మార్చి చూసినా ఇద్దరికీ ఉన్నట్టే వస్తోంది. మొన్న అన్నీ తప్పుల కుప్పలో ఉన్నాయి కాబట్టి దీన్ని విడిగా చూడలేదు."

పెద్దక్క తన నోటు పుస్తకం తీసి ఆ అంకె వెతికింది. ఆ ట్యూబును ఆమె ఒకసారి కాదు, మూడుసార్లు పరీక్షించింది. మూడుసార్లూ మెరిసింది. జంటవైన పక్కపక్క అంకెలు రెండూ మెరవకూడదు కదా అని అప్పుడు యంత్రాన్ని అనుమానించి పైవాళ్లకు ఫిర్యాదు కూడా రాసింది.

"అంటే ఆరోగ్యంగా ఉందనుకున్న మనిషి..." అంది బొత్తాల మేడమ్.

"ఇంకా చెయ్యి వణకలేదు. వణకకపోనూ వచ్చు. ఒక ట్యూబు చూసి జబ్బని చెప్పలేం. మళ్ళీ తీసుకోవాలి, మెదడు స్కాన్ చెయ్యాలి, ఏళ్ల తరబడి చూడాలి." పెద్దక్క మాటలు నెమ్మదిగా వచ్చాయి. "కానీ మేడమ్, మనం వెతుకుతున్నది సరిగ్గా ఇదే. వణుకు రాకముందు పట్టుకోవడం."

ఎంత విచిత్రం చూడండి. నిన్నటిదాకా పరీక్ష తప్పు, కాబట్టి ఆ మనిషికి ఏమీ లేదు. ఇవాళ పరీక్ష ఒప్పని తేలింది. వీళ్ల ఏడేళ్ల కష్టాన్ని నిలబెట్టిన కాగితమే ఆ మనిషి నెత్తిన కూర్చుంది.

"చేరేటప్పుడు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది," అంది పెద్దక్క. "ఏమన్నా తెలిస్తే చెప్పమంటారా, వద్దంటారా అని. ఈ అంకెవాళ్లు ఏం రాశారు?"

లెక్కలాయన ఫారం తీశాడు. "చెప్పమనే టిక్కు పెట్టారు."

కబురు పెట్టాల్సింది సిస్టరమ్మ కాబట్టి పేరున్న ఫారం ఆవిడ చేతికే ఇచ్చాడు. సిస్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. కళ్లజోడు తీసేసింది. "అయ్యో తల్లీ," అని మాత్రం అంది.

"ఎవరు?"

"తారుమారైన ఉమ్మి పనికిరాదు కదా, మళ్ళీ ఇవ్వాలని నిన్న సాయంత్రం వాళ్లకే మొదట ఫోన్ చేశాను డాక్టరమ్మా. ఒంటిగంటకు రమ్మన్నాను."

గడియారం ఒంటిగంట దాటి రెండు నిమిషాలైంది. తలుపు తోసుకుని ముందు మామ్మ గొంతు వచ్చింది, తర్వాత మామ్మ, ఆవిడ భుజం పట్టుకుని డ్రైవరు తాత. పెద్దక్క గబగబా లేచి చెక్క కుర్చీ జరిపింది. మామ్మ ముందు తాతను కూర్చోబెట్టి, చొక్కా సరిచేసి, అప్పుడు అందరి మొహాలూ చూసింది. నలుగురి కళ్లూ ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"ఏమిటర్రా, ఎవరన్నా పోయారా?"

"లేదు మామ్మా," అంది పెద్దక్క. "సంతోషంతోనే. మన పరీక్ష సరైనదేనని తేలింది. డబ్బు కూడా వస్తోంది."

"చూశారా, నేను చెప్పలా?" అని మామ్మ మొగుడి వీపు చరిచింది. "మా వాళ్లెవరూ నమ్మలేదు, ఉమ్మితో జబ్బు తెలియడమేమిటని. అయితే ఈయనకు ఉందని కరెక్టుగా చెప్పిందన్నమాట."

"చెప్పింది మామ్మా."

"ఇంక తప్పు చెప్పదు కదా?"

పెద్దక్క లెక్కలాయన వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. సిస్టరమ్మ ఫారాన్ని గుండెలకు హత్తుకుని గోడవైపు తిరిగింది.

"చెప్పదు," అంది పెద్దక్క.

మామ్మ నవ్వుతూ ఆమెకు ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"మంచిది తల్లీ. మరి నాకేం చెప్పింది?"